శక్తికీ ఒక నగదు పుస్తకం ఉంది

(సంఘ వార్షిక సమావేశంలో, సభ్యుల కుటుంబాల పిల్లలు కూడా హాజరైన మధ్యాహ్నపు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో మామూలుగా కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "పిల్లలు కూడా వస్తున్నారు, వాళ్ళకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని భౌతికశాస్త్రంలో ఒక చిన్న విషయం ఎంచుకున్నాను. గుమాస్తా భౌతికశాస్త్రం చెప్పడమేమిటని ఎవరూ కంగారు పడవద్దు. నేను చెప్పబోయేది ఉద్యోగంలో ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పనే. జమ, ఖర్చు, నిల్వ సరిచూడడం. అంతకుమించి ఏమీ లేదు.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో "పని, శక్తి, సామర్థ్యం" అనే అధ్యాయం ఉంది. వాలు తలం మీద నుంచి ఒక దిమ్మె జారుతుంది, అడుగున ఒక స్ప్రింగు ఉంటుంది, అది ఎంత నొక్కుకుంటుందో చెప్పమంటారు. లేదా నొక్కిన స్ప్రింగు దిమ్మెను పైకి తంతే ఎంత ఎత్తు వెళుతుందో చెప్పమంటారు. ఒకప్పటి ఎంసెట్‌కు, 2021 నుంచి మన రాష్ట్రంలో ఈఏపీసెట్ అంటున్న దానికి, జేఈఈకి చదివే పిల్లలు ఇలాంటివి వందల కొద్దీ చేస్తారు. 2015లో తాడేపల్లిగూడానికి నిట్ వచ్చిన దగ్గర నుంచి మన ప్రాంతంలో ఆ ఆశ ప్రతి ఇంటికీ పాకింది. ఆశ మంచిదే. అయితే పిల్లలు చదివే తీరు చూస్తే దిగులు కలుగుతుంది. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క సూత్రం కంఠస్థం పడుతున్నారు. పరీక్షలో బొమ్మ కాస్త మారేసరికి చేతులు వణుకుతాయి. ఆ భయం ఏయే పర్యవసానాలకు దారి తీస్తుందో, ఫలితాలు వచ్చిన వారంలో వార్తాపత్రికలు చదివే మనందరికీ తెలుసు.

ఆ వందల లెక్కలకూ వందల సూత్రాలు అక్కరలేదు. ఒకే ఒక్క ఖాతా చాలు. ఆ ఖాతా రాయడం పిల్లల కంటే మనకే బాగా తెలుసు. ఈ పూట నేను మనవి చేయదలచింది అదే.

నాలుగు పద్దులు

నగదు పుస్తకంలో ప్రారంభ నిల్వ ఉంటుంది. నెలాఖరున ముగింపు నిల్వ ఉంటుంది. మధ్యలో సొమ్ము ఒక పద్దు నుంచి మరొక పద్దుకు మారవచ్చు, కొంత ఖర్చు కావచ్చు. పైసా కూడా గాలిలో నుంచి పుట్టదు, గాలిలో కలిసిపోదు. శక్తి నిత్యత్వ నియమం అని పుస్తకంలో రాసింది ఇదే.

వాలు తలం, స్ప్రింగు లెక్కలకు నాలుగే పద్దులు. మొదటిది ఎత్తు పద్దు, అంటే వస్తువు బరువును ఎత్తుతో గుణించినది. రెండవది వేగం పద్దు, అంటే ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించినది. మూడవది స్ప్రింగు పద్దు, అంటే స్ప్రింగు స్థిరాంకంలో సగాన్ని నొక్కిన పొడవు వర్గంతో గుణించినది. నాలుగవది ఘర్షణ ఖర్చు. ఇది ఘర్షణ బలాన్ని జారిన దూరంతో గుణించినది. మొదటి మూడు పద్దులలో ఉన్నది మళ్ళీ తీసుకోగల డిపాజిట్టు. నాలుగవది తిరిగి రాని ఖర్చు. అది కూడా మాయమైపోదు, వేడిగా మారుతుంది. 1840లలో జౌల్ అనే ఆంగ్లేయుడు, బీరు తయారీదారుల కుటుంబంలో పుట్టినవాడు, బరువులను కిందికి జారనిచ్చి వాటితో నీటిలో తెడ్లు తిప్పించి, నీరు ఎంత వేడెక్కిందో కొలిచి ఈ పద్దు తేల్చాడు. శక్తి కొలమానానికి ఆయన పేరే పెట్టారు.

ఇక నియమం ఒక్క వాక్యం. బయటి నుంచి ఎవరూ తొయ్యనంత వరకు, ప్రారంభ నిల్వ = ముగింపు నిల్వ + ఘర్షణ ఖర్చు.

బల్ల పొడవు ఎంతైనా ఎత్తు ఒక్కటే

తాడేపల్లిగూడెంలో ధాన్యం బస్తాలు లారీ కెక్కించడం అందరూ చూసే ఉంటారు. లారీకి ఒక బల్ల వాల్చి, హమాలీ బస్తాను వీపున వేసుకుని ఎక్కుతాడు. ఆ బల్లే మన వాలు తలం. బస్తా 75 కిలోలు, లారీ ఎత్తు 1.2 మీటర్లు అనుకుందాం. గురుత్వ త్వరణం లెక్క సులువుకు 10 అనుకుందాం. అప్పుడు బస్తా బరువు 750 న్యూటన్లు, ఎత్తు పద్దులో చేరేది 750 × 1.2 = 900 జౌళ్ళు. బల్ల మూడు మీటర్లున్నా అంతే, ఆరు మీటర్లున్నా అంతే, బల్ల లేకుండా నిటారుగా ఎత్తినా అంతే. పొడుగు బల్ల మీద ఒక్కొక్క అడుగుకు పడే బలం తగ్గుతుంది, అడుగుల సంఖ్య పెరుగుతుంది. వాయిదాలు చిన్నవైతే వాయిదాల సంఖ్య పెరిగినట్టు. అసలు మొత్తం మారదు.

హమాలీ తన శరీరాన్ని కూడా ఎత్తుకోవాలి కదా. అతను 60 కిలోలుంటే 135 కిలోలకు 1,620 జౌళ్ళు. ఇంటి మీటరులో ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్ళు. భాగించి చూడండి. ఒక యూనిట్‌తో సమానమైన ఎత్తు పద్దు కూడాలంటే హమాలీ 2,200 సార్లకు పైగా బస్తాతో బల్ల ఎక్కాలి. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే మనం ఎందుకు కసురుకుంటామో పిల్లలకు ఈ లెక్క ఒక్కటి చెబితే చాలు.

స్ప్రింగు పద్దులో ఆ సగం ఎందుకు?

పిల్లలందరూ "సగం" అని రాస్తారు. ఎందుకని అడిగితే సూత్రంలో ఉంది అంటారు. ఇది మన పెద్దలు తేలికగా చెప్పగల సంగతి. స్ప్రింగును ఎంత నొక్కితే అంత బలంతో అది ఎదురు తిరుగుతుంది. దీన్ని కనిపెట్టిన రాబర్ట్ హుక్ 1676లో తన నియమాన్ని అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా అచ్చువేసి, 1678లో విప్పి చెప్పాడు. తన ఆలోచన ఇంకెవరూ తమదని అనకుండా చూసుకున్నాడన్న మాట.

కాబట్టి మొదట్లో బలం సున్నా, చివర్లో పూర్తి బలం. సున్నా నుంచి సమంగా పెరిగే దాని సగటు చివరి దానిలో సగం. నెల నెలా సమానంగా కడుతూ పోయే పొదుపు ఖాతాలో సగటు నిల్వ చివరి నిల్వలో దాదాపు సగమే ఉంటుంది. ఆ సగమే ఇది. రెండింతలు నొక్కితే సగటు బలమూ రెండింతలు, దూరమూ రెండింతలు. అందుకని శక్తి నాలుగింతలు. లారీ కమాన్ల మీద మోతాదుకు మించి సరుకు వేసి గోతిలో దింపితే అవి ఎందుకు విరుగుతాయో దీన్ని బట్టే ఊహించవచ్చు.

వేగం పద్దులోనూ వర్గమే. 1722లో హాలండులో గ్రావెసాండ్ అనే ఆచార్యుడు ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీదికి జారవిడిచి చూశాడు. వేగం రెండింతలైతే గుంట నాలుగింతలు పడింది. ఎమిలీ దు షాత్లే అనే ఫ్రెంచి మహిళ 1740లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ వర్గపు లెక్క పక్షాన నిలబడి వాదించింది. మనవరాళ్ళు ఈ పేరు గుర్తుంచుకోవాలి. జాతీయ రహదారి మీద మోటారు సైకిలు నడిపే మనవలు నాలుగింతల సంగతి గుర్తుంచుకోవాలి. వేగం రెట్టింపు చేస్తే, బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలు.

మూడు లెక్కలు

ఇప్పుడు పుస్తకంలో లెక్కలకు వద్దాం. మొదటిది. వాలు తలం అడుగున ఒక స్ప్రింగు. స్థిరాంకం మీటరుకు 800 న్యూటన్లు. దాన్ని 10 సెంటీమీటర్లు నొక్కి, ముందు అర కిలో దిమ్మె పెట్టి వదిలారు. తలం నున్నగా ఉంది, ఘర్షణ లేదు. దిమ్మె ఎంత ఎత్తు వెళుతుంది?

ప్రారంభ నిల్వ: స్ప్రింగు పద్దులో ½ × 800 × 0.1 × 0.1 = 4 జౌళ్ళు. వేగం సున్నా. ఎత్తును ఇక్కడి నుంచే కొలుద్దాం కనుక అదీ సున్నా.
ముగింపు నిల్వ: పైన ఆగినప్పుడు వేగం సున్నా, స్ప్రింగు ఖాళీ. అంతా ఎత్తు పద్దులోనే. దిమ్మె బరువు 5 న్యూటన్లు కనుక 5 × ఎత్తు = 4. ఎత్తు 0.8 మీటరు.

వాలు ఎన్ని డిగ్రీలో నేను చెప్పలేదు, మీరూ అడగలేదు. 30 డిగ్రీలైతే తలం వెంట 1.6 మీటర్లు పోతుంది, 45 డిగ్రీలైతే సుమారు 1.13 మీటర్లు. ఎత్తు మాత్రం 80 సెంటీమీటర్లే. దారిలో ఏ క్షణాన ఎంత వేగం, ఎంత త్వరణం అన్న గొడవ మనకు పట్టలేదు. నెలాఖరు నిల్వ తేల్చడానికి మొదటి తేదీ నిల్వా, ఖర్చుల మొత్తమూ తెలిస్తే చాలు కదా.

రెండవది. అదే స్ప్రింగు, అదే దిమ్మె, 30 డిగ్రీల వాలు. ఈసారి తలం గరుకు, ఘర్షణ గుణకం 0.2. వాలు మీద ఘర్షణ బలం 0.2 × 5 × 0.866 = 0.866 న్యూటను. తలం వెంట పోయే దూరం మనకు తెలియనిది. ఎత్తు అందులో సగం. కాబట్టి ఎత్తు పద్దుకు దూరం × 2.5, ఘర్షణ ఖర్చుకు దూరం × 0.866, రెండూ కలిపి 4. దూరం సుమారు 1.19 మీటర్లు. ఎత్తు పద్దులో 2.97, ఖర్చు 1.03. కూడితే 4. లెక్క సరిపోయింది. ఇలా చివర్లో కూడి చూసుకోవడం మన వృత్తి ధర్మం. పిల్లలు ఆ ఒక్క నిమిషం కేటాయిస్తే సగం పొరపాట్లు పరీక్ష హాలులోనే దొరికిపోతాయి. ఒక హెచ్చరిక. ఎత్తుకు దారితో పని లేదు గాని, ఘర్షణకు దారితోనే పని. చుట్టు తిరిగి వెళితే ఖర్చు పెరుగుతుంది.

మూడవది చాలా మందిని పడగొట్టే లెక్క. 30 డిగ్రీల నున్నటి వాలు మీద 2 కిలోల దిమ్మె నిశ్చలంగా ఉంది. దాని కింద తలం వెంట 80 సెంటీమీటర్ల దూరంలో స్ప్రింగు కొస ఉంది. స్థిరాంకం మీటరుకు 500 న్యూటన్లు. వదిలేస్తే స్ప్రింగు ఎంత నొక్కుకుంటుంది?

ఇక్కడ పిల్లలు 80 సెంటీమీటర్లకే ఎత్తు కట్టి ఊరుకుంటారు. తలం వెంట పనిచేసే బరువు 10 న్యూటన్లు. 10 × 0.8 = 8 జౌళ్ళు అని వేసి, జవాబు 18 సెంటీమీటర్లు అంటారు. కానీ స్ప్రింగు నొక్కుకుంటున్న కాసేపూ దిమ్మె ఇంకా కిందికి దిగుతూనే ఉంది. ఆ దిగుడు కూడా జమ కట్టాలి. నొక్కుడు 20 సెంటీమీటర్లు అనుకుని సరిచూడండి. దిగిన మొత్తం ఒక మీటరు, జమ 10 జౌళ్ళు. స్ప్రింగు పద్దులో ½ × 500 × 0.2 × 0.2 = 10 జౌళ్ళు. సరిపోయింది. వర్గ సమీకరణం వేసినా ఇదే వస్తుంది. ప్రారంభ తేదీ, ముగింపు తేదీ స్పష్టంగా రాసుకోకపోతే ఏ ఖాతా అయినా తప్పుతుంది.

దీనిలోనే మరో మెలిక. దిమ్మె వేగం ఎక్కడ అత్యధికం? స్ప్రింగును తాకిన చోట అని చాలామంది అంటారు. అక్కడ వేగం పద్దులో 8 జౌళ్ళు. కాని తాకిన మరుక్షణం స్ప్రింగు బలం చాలా తక్కువ, బరువుదే పైచేయి. స్ప్రింగు బలం 10 న్యూటన్లకు చేరేది 2 సెంటీమీటర్లు నొక్కాకనే. అక్కడి జమ 8.2, స్ప్రింగు పద్దు 0.1, వేగం పద్దు 8.1. అత్యధికం అక్కడే.

చేపల కాటా

వాలును పెంచుకుంటూ పోతే చివరకు నిటారు గోడ అవుతుంది. కనుక వేలాడే స్ప్రింగు కాటా కూడా ఈ కుటుంబంలోదే. కైకలూరు, ఆకివీడు వైపు శీలావతో బొచ్చో కొనేటప్పుడు ముల్లు ఊగడం చూసే ఉంటారు. కాటా స్ప్రింగు స్థిరాంకం మీటరుకు 200 న్యూటన్లు అనుకోండి. చేప 2 కిలోలు, బరువు 20 న్యూటన్లు. నెమ్మదిగా దింపితే స్ప్రింగు 10 సెంటీమీటర్లు సాగి ముల్లు 2 కిలోల దగ్గర నిలుస్తుంది.

చేపను ఒక్కసారిగా వదిలేస్తే? చేప 20 సెంటీమీటర్లు దిగిందనుకుందాం. ఎత్తు పద్దు నుంచి తీసినది 20 × 0.2 = 4 జౌళ్ళు. స్ప్రింగులో వేసినది ½ × 200 × 0.2 × 0.2 = 4 జౌళ్ళు. ఖాతా సరిపోయింది. అంటే మొదటి ఊపులో ముల్లు 4 కిలోలు చూపిస్తుంది! గాలికీ, కాటా లోపలి రాపిడికీ కొంత తగ్గినా రెండింతలకు దగ్గరగా పోతుంది. పైనుంచి విసిరితే ఇంకా ఎక్కువే. చివరికి 10 సెంటీమీటర్ల దగ్గర స్థిరపడినప్పుడు ఎత్తు నుంచి తీసినది 2 జౌళ్ళు, స్ప్రింగులో ఉన్నది 1, మిగతా 1 ఊగి ఊగి వేడిగా ఖర్చయింది. కనుక సోదరీమణులకు నా మనవి. ముల్లు ఆగేదాకా సంచి చాపవద్దు.

ఉప్పుటేరు వాలు

మన ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద వాలు తలం మనం రోజూ చూస్తున్నదే. కొల్లేటి అభయారణ్యానికి 1999లో హద్దుగా పెట్టిన +5 కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదడుగులు, సుమారు ఒకటిన్నర మీటరు. అక్కడి నుంచి ఉప్పుటేరు దాదాపు 60 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రంలో కలుస్తుంది. కిలోమీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు!

కిలో నీటికి ఎత్తు పద్దులో 15 జౌళ్ళున్నాయి. ఘర్షణే లేకపోతే ఆ నీరు సముద్రం చేరేసరికి సెకనుకు ఐదున్నర మీటర్లు, అంటే గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఉండాలి. అలా ఉంటుందా? సెకనుకు అర మీటరు పోతున్నదనుకున్నా వేగం పద్దులో ఉండేది 0.125 జౌలు మాత్రమే. నూటికి ఒక వంతు కూడా కాదు. తక్కినదంతా అడుగు, గట్లు, గుర్రపుడెక్క, నీటిలో నీటి రాపిడి తినేసిన ఖర్చు. పైగా పోటు వేళ సముద్రం ఎదురు తోస్తుంది.

ఇంత బీద ఖాతా మీద ఖర్చు ఏ కాస్త పెంచినా ఏమవుతుంది? ఏరు పూడినా, డెక్క పెరిగినా, అడ్డుకట్టలు లేచినా నీరు నిలిచిపోతుంది. నీరు కదలాలంటే ప్రారంభ నిల్వ పెరగాలి, అంటే కొల్లేటి మట్టం పెరగాలి. అప్పుడు మునిగేది లంక గ్రామాలే. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వస్తూనే ఉంటాయి. ఉప్పుటేరు పూడిక తీయాలని ఇక్కడివారు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నది ఊరికే కాదు. ఆ కోరిక వెనుక ఉన్నది ఇంటర్మీడియట్ పాఠమే.

ఈ ఖాతా చెప్పనివి

ఏ పుస్తకానికైనా పరిధి ఉంటుంది. నిల్వ ఎంతో నగదు పుస్తకం చెబుతుంది గాని, సొమ్ము చేరడానికి ఎన్ని రోజులు పట్టిందో దాని మొత్తాలు చెప్పవు. అలాగే "ఎంత కాలంలో" అని లెక్క అడిగితే శక్తి ఖాతా ఒక్కటే చాలదు, న్యూటను నియమాలకు పోవాలి. ఇంకొకటి. మట్టి ముద్ద వచ్చి దిమ్మెకు అంటుకుని, రెండూ కలిసి స్ప్రింగును నొక్కే లెక్కలో, అంటుకునే క్షణంలో ఎంత వేడి ఖర్చయిందో ముందుగా తెలియదు. అక్కడ ద్రవ్యవేగం ఖాతాతో మొదలుపెట్టి, అంటుకున్న తరువాత మాత్రమే శక్తి ఖాతా తెరవాలి. రెండు పుస్తకాలను కలిపి రాస్తే ఆడిటు అభ్యంతరం తప్పదు.

మనం చేయగలిగింది

మిత్రులారా, మనలో చాలామంది ఎస్.ఎస్.ఎల్.సి.తోనో, పి.యు.సి.తోనో ఉద్యోగంలో చేరినవాళ్ళం. పిల్లల పుస్తకాలు చూసి "మనకు తెలియదులే" అని పక్కకు జరుగుతాం. జరగవద్దు. సమీకరణాలు వాళ్ళు వేసుకుంటారు. మనం పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఖాతా ఎక్కడ మొదలుపెట్టావు? ఎక్కడ ముగించావు? మొదట్లో ఏ పద్దులో ఎంత ఉంది, చివర ఏ పద్దులో ఎంత ఉంది? మధ్యలో రాపిడి ఎంత తిన్నది? ఈ నాలుగింటికీ జవాబు చెప్పిన బిడ్డకు బొమ్మ ఎలా మారినా భయం ఉండదు. చెప్పలేకపోతే కసరవద్దు. బొమ్మ మళ్ళీ వేయించండి.

పిల్లలూ, మీకు ఒక్క మాట. మార్కులు ఒక ఏడాది నిల్వ మాత్రమే. ఒక ఏడాది నిల్వ తగ్గిందని ఎవరూ ఖాతా మూసేయరు, మరుసటి ఏడాదికి ముందుకు తెచ్చి రాస్తారు. పెద్దలమైన మేము అందుకు సాక్షులం.

నాకిచ్చిన సమయం దాటిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. కాఫీ చల్లారుతోంది, ఆ వేడి కూడా ఖర్చు పద్దులోకే పోతోంది.